వలస లారీ ఎక్కిన పిల్ల, ఇప్పుడు మా ఊరి సర్పంచ్ అభ్యర్థి. మీరేమంటారు?

తుంగభద్ర గట్టు:

అందరికీ నమస్తే. మాది కర్నూలు జిల్లా, కోసిగి వైపు పల్లె. నేను పదేళ్లుగా బెంగళూరులో ఉంటున్నా. పంచాయతీ ఎన్నికల మాట వచ్చినప్పటి నుంచి మా ఊరి వాట్సాప్ గ్రూపుకు నిద్ర లేదు. ఈసారి సర్పంచ్‌గా నిలబడతానంటున్న వాళ్లలో ఒకామె నాకు అక్క వరస. ఇంకా నామినేషన్ వేయలేదు కాబట్టి ఆమె పేరు గానీ ఊరి పేరు గానీ ఇక్కడ రాయను. ఆమె పెరిగిన తీరు చెప్పి, చివర్లో ఒక మాట అడుగుతా.

మా వైపు సంగతి చాలామందికి తెలిసిందే. వాన సరిగా పడదు, పడిన ఏడు ఉల్లికి రేటుండదు. దీపావళి దాటిందంటే ఊరు ఖాళీ. గుంటూరు వైపు మిరప కోతలకు ఇంటిల్లిపాదీ లారీలెక్కి పోతారు. తలుపుకు తాళం వేసి, దానికి ముళ్లకంప అడ్డం పెట్టి, ముసలోళ్లను అరుగు మీద వదిలి పోవడమే. మళ్లీ ఉగాదికి ఇంటి మొహం చూస్తారు. అక్క ఐదో ఏట నుంచి ఆ లారీ ఎక్కింది. బడి రిజిస్టర్లో పేరుండేది, బెంచీ మీద పిల్ల ఉండేది కాదు.

అక్కడ ఎవరెంత కోశారో రోజూ సాయంత్రం తూకం వేసి మేస్త్రీ రాసుకుంటాడు. డబ్బులు మాత్రం కోతలన్నీ అయ్యాక, ముందిచ్చిన అడ్వాన్సు పట్టుకుని ఇస్తాడు. అక్కకు తొమ్మిదేళ్లప్పుడు, అంకెలు రాయడం వచ్చు కాబట్టి, ఒక పాత నోటుబుక్కు వెనక పేజీల్లో వాళ్లమ్మ కోసిన తూకం తనే రాసేది. తేదీలు తెలియవు. రోజుకొక గీత, గీత పక్కన కిలోలు, పని లేని రోజు సున్నా. చివరి రోజు మేస్త్రీ చెప్పిన లెక్కలో పదకొండు రోజులు తగ్గాయి. పెద్దమ్మ నోరెత్తలేదు. మళ్లీ ఏడు అడ్వాన్సు ఇచ్చేది ఆయనే కదా. ఈ పిల్ల గుడారంలోకి పోయి ఆ పుస్తకం తెచ్చి, అందరి ముందు నిలబడి, ఒక్కో గీత మీద వేలు పెట్టి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. మా అమ్మ అక్కడే ఉంది, ఆమె చెబితేనే నాకు తెలిసింది. మిరప మంటకు వేళ్లు వాచి ఉన్నాయంట, పేజీ తిప్పడానికి కూడా రాలేదంట. సగం చదివేసరికి మేస్త్రీ "చాల్లేమ్మా" అని మిగతా డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాడు. ఆ తర్వాతి ఏడు ఇంకో నలుగురు ఆడవాళ్లు "మాదీ రాసిపెట్టు పాపా" అని ఆ పిల్ల పక్కన కూర్చున్నారు.

తర్వాత వలస పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టల్లో ఉండి ఐదు పూర్తి చేసింది. ఆరు నుంచి పది దాకా కస్తూర్బా విద్యాలయం, ఇంటర్ ఆదోనిలో. పెళ్లయ్యాక ఉపాధి హామీ సామాజిక తనిఖీలో గ్రామ కార్యకర్తగా తిరిగింది. ఇప్పుడు పొదుపు సంఘం లీడరు.

అడగాలనుకున్నది ఇదీ. ఊర్లో కుర్రోళ్లు ఈ వలస కథంతా కరపత్రం మీద ఆమె ఫొటోతో వేద్దామంటున్నారు. ఆమెకు ఇష్టం లేదు. ఇంకొందరేమో "కష్టపడి పెరిగినోళ్లంతా ఊరిని నడపగలరా?" అంటున్నారు. ఒక మనిషి పెరిగిన తీరు చూసి ఓటెయ్యొచ్చా?

బురుజు కాడ మేష్టారు:

నాయనా, చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. నేను కర్నూల్లో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఏ ఏడు చూసినా నవంబరు దాటితే పడమటి మండలాల పిల్లల బెంచీలు ఖాళీ. ఆ ఖాళీ బెంచీలోంచి ఒకమ్మాయి లేచి వచ్చిందంటే సంతోషంగా ఉంది.

నువ్వడిగిన దానికి మన జిల్లాలోనే పెద్ద ఉదాహరణ ఉంది, దామోదరం సంజీవయ్య గారు. కర్నూలు పక్కనే పెదపాడులో 1921లో పుట్టారు. పుట్టిన కొద్ది రోజులకే తండ్రి పోయారు. నిరుపేద దళిత కుటుంబం. కర్నూలు మున్సిపల్ స్కూల్లో చదివి, అనంతపురం దత్త మండల కళాశాలలో చేరి, మద్రాసులో లా పూర్తి చేశారు. 1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యుడు, 1952 ఎన్నికల తర్వాత మద్రాసు రాష్ట్రంలో మంత్రి, 1960 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. అప్పటికి ఆయనకు ముప్పై ఎనిమిదేళ్లు. దేశం మొత్తంలో ముఖ్యమంత్రి అయిన మొదటి దళితుడు మన పెదపాడు మనిషి. ఈ మాట పిల్లలకు చెప్పినప్పుడల్లా నా గొంతు కొంచెం పెరిగేది.

అయితే నేను పిల్లలకు ఆయన పేదరికం చెప్పి ఆపేవాణ్ణి కాదు. రెండేళ్ల పైచిలుకు పదవిలో ఆయన చేసిన పనుల్లో రెండు తప్పకుండా చెప్పేవాణ్ణి. ఒకటి వృద్ధాప్య పింఛను, ఆయన హయాంలోనే మొదలైంది. రెండోది ఏసీబీ. 1961 జనవరిలో అవినీతి నిరోధక శాఖను విడిగా పెట్టింది ఆయన ప్రభుత్వమే. మొదటిది చూస్తే ఇంట్లో ముసలివాళ్ల ఆకలి తెలిసిన మనిషి కనిపిస్తాడు. రెండోది చూస్తే, పేదవాడి కోసం కదిలిన రూపాయి మధ్యలో ఎక్కడ ఆగిపోతుందో తెలిసిన మనిషి. పెరిగిన తీరు పనిలో అలా కనబడాలి.

మీ అక్కది కూడా అలా కనబడుతోంది నాకు.

ప్రొద్దుటూరు వీధి:

మేష్టారూ, మీ మాట కాదనను. కానీ సంజీవయ్య గారి లాంటి వాళ్లు నూటికో కోటికో ఒకరు. ఆయన్ను చూపించి ప్రతి అభ్యర్థినీ కొలవడం ఆ అభ్యర్థికి కూడా బరువే.

నేను మా కడప జిల్లాలో ఐదేళ్లు వార్డు మెంబరుగా చేశాను. మా సర్పంచ్ కూడా బీద ఇంట్లో పెరిగినాయనే. గుడిసెలో పుట్టానని ప్రతి మీటింగులో కళ్లనీళ్లు పెట్టుకునేవాడు, అవి నిజమైన కన్నీళ్లే. గెలిచిన మూడో నెల నుంచి పంచాయతీ తీర్మానాల పుస్తకం మా ఇళ్లకు సంతకాలకు వచ్చేది. తీర్మానం రాసుండదు, ఖాళీ పేజీ కింద సంతకం. నేను పెట్టనన్నందుకు మా వీధిలో లైట్లు ఎనిమిది నెలలు వెలగలేదు. మా అమ్మ చీకట్లో జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆ రోజు నుంచి ఎవరైనా బాల్యం కథ చెప్తే నాకు ముందు ఆ ఖాళీ పేజీ గుర్తొస్తుంది.

తమ్ముడూ, సర్పంచ్ పని ఏంటో మీ అక్కకు తెలుసా అన్నదే నేనడిగేది. ఎండాకాలంలో మోటారు కాలిపోతే ఆ రాత్రికే మెకానిక్ రావాలి. కేంద్రం నుంచి వచ్చిన 15వ ఆర్థిక సంఘం డబ్బుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికీ కట్టేసి ఉండేది, సీసీ రోడ్డుకు వాడతానంటే కుదిరేది కాదు. బిల్లు ఆన్‌లైన్లో పోవాలంటే సర్పంచ్ డిజిటల్ సంతకం కీ కావాలి. చూడ్డానికి చిన్న పెన్‌డ్రైవ్ లాంటిది. అది ఎవరి జేబులో ఉంటే ఊరి ఖజానా వాళ్ల జేబులో ఉన్నట్టే.

ఆదోని పత్తిచేను:

ప్రొద్దుటూరు అన్న చెప్పిన ఆ కీ దగ్గరే నా భయం కూడా. మా అమ్మ ఒక టర్మ్ సర్పంచ్‌గా ఉండింది. ఉండింది అంటే పేరుకు ఉండింది. ఆఫీసుకు నాన్న పోయేవాడు, మీటింగుల్లో నాన్న మాట్లాడేవాడు, మండలంలో అందరూ నాన్ననే "సర్పంచ్ గారూ" అని పిలిచేవాళ్లు. అమ్మ కీ మొహం కూడా చూడలేదు. నాన్న చెడ్డవాడు కాదు, అమ్మను కష్టపెట్టకూడదనే ఆయన అనుకునేవాడు. కానీ ఊళ్లో ఆడవాళ్లు నీళ్ల గురించి చెప్పుకోవడానికి ఇంటికొస్తే అమ్మ "ఆయనొచ్చాక చెప్తా" అనేది. వాళ్లు తలూపి పోయేవాళ్లు. అప్పటి అమ్మ మొహం నాకింకా గుర్తుంది.

మన రాష్ట్రంలో పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. కుర్చీ దొరకడం ఇప్పుడు అంత కష్టం కాదు, అందులో కూర్చోవడమే కష్టం. ఆమె భర్త ఎలాంటి మనిషి? నిలబడాలన్న ఆలోచన ముందు ఎవరికొచ్చింది? ఇవి అడగండి తమ్ముడూ.

తుంగభద్ర గట్టు:

అక్కా, మంచి ప్రశ్న. బావ బెంగళూరులో సెంట్రింగ్ పని చేస్తాడు, నెలకొకసారి ఊరికి పోతాడు. ఆలోచన ముందు వచ్చింది ఆమెకే, అది కూడా నీళ్ల దగ్గర. మా ఊరికి తాగునీళ్లు ఎల్లెల్సీ (తుంగభద్ర దిగువ కాలువ) నుంచి నింపే ఎస్‌ఎస్ ట్యాంకు, అంటే వేసవికి నీళ్లు నిల్వ చేసే చెరువు నుంచి రావాలి. రెండేళ్ల కింద వేసవిలో మోటారు రిపేరు అని ఇరవై రోజులు నీళ్లు రాలేదు. పొదుపు సంఘం ఆడవాళ్లు చందా వేసుకుని ట్యాంకర్ తెప్పించుకున్నారు. ఆ రిపేరుకు ఎంత బిల్లు పెట్టారో చూపించమని అక్క పంచాయతీకి పోతే "నువ్వెవరు అడగడానికి?" అన్నారంట. ఇంటికొచ్చి వాళ్లమ్మతో "అడగడానికి నేనెవరో అయి చూపిస్తా" అనిందంట.

బావకు కొంచెం టెన్షన్ ఉంది, దాచడం ఎందుకు. ఖర్చు గురించి, ఊళ్లో పెద్దోళ్లతో గొడవల గురించి. కానీ వద్దనలేదు.

పెన్నా ఇసుక:

అనంతపురం నుంచి. సామాజిక తనిఖీ మాట చూసి ఆగలేక రాస్తున్నా. నేనూ నాలుగేళ్లు అదే పని చేశాను.

చాలామందికి ఆ పని ఏంటో తెలియదు కాబట్టి చెప్తా. ఉపాధి హామీని 2006 ఫిబ్రవరి 2న దేశానికంతా మొదలుపెట్టింది మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ చట్టం 17వ సెక్షన్లోనే పనులను ఊరి జనమే తనిఖీ చేయాలని రాశారు. అందుకోసం కూలీల ఇళ్లలో కాస్త చదువుకున్న పిల్లల్ని తీసుకుని, శిక్షణ ఇచ్చి పల్లెలకు పంపేవాళ్లు. చేతిలో మస్టర్ల, అంటే కూలీల హాజరు పట్టీల జిరాక్సులు. ఇంటింటికీ పోయి "అమ్మా, ఈ వారం నువ్వు ఆరు రోజులు పనికి పోయినట్టుంది, పోయినావా?" అని అడగాలి. తర్వాత చేలోకి పోయి టేపుతో గుంత పొడవు, వెడల్పు, లోతు కొలవాలి. చివర్లో గ్రామసభలో, ఆపైన మండలం ప్రజావేదికలో, అధికారుల ముందు ప్రతి పేరూ గట్టిగా చదవాలి.

ఒక ఊళ్లో నేనొక ముసలామె పేరు చదివాను. రెండు వారాల కూలి ఆమె పేరు మీద డ్రా అయింది. ఆమె లేచి "ఆ దినాల్లో నేను బెంగళూరులో కూతురు కాన్పుకు పోయింటి నాయనా" అనింది. ఆ ఒక్క మాటకు సభంతా నిశ్శబ్దం. డబ్బులు తిన్నాయన నా ఎదురుగానే కూర్చున్నాడు. రాత్రి మాకు ఆ ఊళ్లో అన్నం పెట్టేవాళ్లు లేరు, బడి వరండాలో మరమరాలు తిని పడుకున్నాం. మర్నాడు పొద్దున ఆ ముసలామె వచ్చి చెంబుతో సంగటి నీళ్లు ఇచ్చి పోయింది.

మీ అక్క ఈ పని చేసిందంటే పంచాయతీ లెక్క చదవడం ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. తొమ్మిదేళ్లప్పుడు మిరప చేలో చేసిందీ అదే పని కదన్నా. నేనైతే కరపత్రంలో వలస కథ కంటే ఇది రాయమంటా.

ఎల్లమ్మ గుడి వీధి:

నాకో చిన్న డౌటు. ఆమెకు పిల్లలెంతమంది? ఇద్దరి కంటే ఎక్కువుంటే పోటీకి పనికిరారని మా ఊళ్లో ఒకాయన నామినేషన్ అప్పట్లో తీసేశారు.

ప్రొద్దుటూరు వీధి:

ఆ నిబంధన 2024లోనే ఎత్తేశారు. ఇప్పుడు ఇబ్బంది లేదు. ఇరవై ఒక్క ఏళ్లు నిండి, ఆ పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరుంటే చాలు.

అనంత గడియారం:

మేష్టారు దత్త మండల కళాశాల పేరెత్తారు కాబట్టి నా మాట ఒకటి. నీలం సంజీవరెడ్డి గారు చదివిందీ ఆ కాలేజీలోనే. ఇల్లూరు గ్రామం, ఉన్నవాళ్ల ఇల్లు. 1931లో చదువు వదిలేసి స్వాతంత్ర్య పోరాటంలోకి దిగారు. తరిమెల నాగిరెడ్డి గారిదీ భూములున్న కుటుంబమే. రిషి వ్యాలీ, మద్రాసు లయోలా, కాశీ విశ్వవిద్యాలయం, అంత చదువు చదివి కమ్యూనిస్టు అయ్యారు. సంజీవరెడ్డి గారి భార్య నాగిరెడ్డి గారికి తోబుట్టువు. 1952లో అనంతపురం సీటులో బావా బావమరుదులు ఎదురెదురుగా నిలబడితే, జైల్లో ఉన్న నాగిరెడ్డి గారు గెలిచారు. ఓడిన సంజీవరెడ్డి గారు 1956లో ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి, 1977లో నంద్యాల నుంచి గెలిచి అదే ఏడాది రాష్ట్రపతి.

ఒకే రకం ఇళ్లు, ఒకే సీమ నేల, పైగా చుట్టరికం. దారులు మాత్రం తూర్పూ పడమర. ఉన్నింట్లో పుట్టినాయన భూమి లేనోడి కోసం జైలుకు పోయాడు. ప్రొద్దుటూరు అన్న చెప్పిన సర్పంచ్ గుడిసెలో పుట్టి ఖాళీ పేజీ మీద సంతకాలు పెట్టించాడు. కాబట్టి పుట్టిన ఇల్లు చూసి ఓటెయ్యమంటే నేను ఒప్పుకోను. పెరిగేటప్పుడు మనిషికి ఏ అలవాటు పట్టుకుంది, అది ఇప్పటికీ ఉందా అని చూస్తా.

బురుజు కాడ మేష్టారు:

అనంత వారూ, "అలవాటు" అన్నారే, ఆ మాట నాకు దొరకలేదు ఇందాక. నేను చెప్పాలనుకున్నదీ అదే.

ప్రొద్దుటూరు వీధి:

సరే, అలవాటు అనే అనుకుందాం. అయితే ఆ అలవాటుకు ఒక పరీక్ష ఉంది. మేస్త్రీ పరాయివాడు, తనిఖీ చేసింది పరాయి ఊళ్లు. పరాయివాళ్ల లెక్క గట్టిగా చదవడానికి ధైర్యం చాలు. సర్పంచ్ అయ్యాక చదవాల్సింది సొంతోళ్ల లెక్క. ట్రాక్టర్ బిల్లు పెట్టేది మేనమామ, నీళ్ల పన్ను కట్టనిది మరిది. తమ్ముడూ, మీ అక్క ఎప్పుడైనా సొంతవాళ్ల తప్పు నలుగురిలో చదివిందా? నొప్పించాలని కాదు. నేను మోసపోయినవాణ్ణి, అందుకే అడుగుతున్నా.

ఆదోని పత్తిచేను:

అన్నా, ఇది ఆమెనే అడగాలి. తమ్ముడు ఊహించి చెప్తే లాభం లేదు.

తుంగభద్ర గట్టు:

నాలుగు రోజులు ఇటు రాలేదు, క్షమించండి. ఊరికి పోయొచ్చా. అక్కడ ఈ చర్చంతా ఫోన్లో చూసి అక్కకు చదివి వినిపించా. రొట్టెలు కాలుస్తూ వినింది. ప్రొద్దుటూరు అన్న ప్రశ్న వచ్చేసరికి పొయ్యి మంట తగ్గించి, పీట జరుపుకుని నా ఎదురుగా కూర్చుంది.

"ఒకసారి చదవలేకపోయినా" అనింది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా. తనిఖీకి పోయిన ఒక ఊళ్లో మేటుగా (కూలీల హాజరు రాసేవాడిగా) ఉన్నాయన బావకు దగ్గరి చుట్టం. పనికి రాని నలుగురి పేర్లు మస్టర్లో ఉన్నాయి. ఇంటింటికీ తిరిగి రాసుకుంది, కాగితంలో ఒక్క అక్షరం మార్చలేదు. కానీ గ్రామసభలో ఆ పేజీ వచ్చేసరికి గొంతు రాలేదు. పక్కనున్న అమ్మాయి చేతిలో పెట్టింది, ఆ అమ్మాయే చదివింది. అయినా అత్తగారింట్లో ఆరు నెలలు ఎవరూ ఆమెతో సరిగా మాట్లాడలేదంట. "చదివినా అంతే మాట్లాడకపోయేవాళ్లు. మరి ఎందుకు ఇచ్చేసినానో. ఆ పేజీ ఇప్పటికీ నా చేతిలో ఉన్నట్టే ఉంటుంది" అనింది.

పోయినేడు పొదుపు సంఘంలో మళ్లీ అలాంటిదే వచ్చింది. అప్పు కట్టని వాళ్ల పేర్లు నెల మీటింగులో చదవాలి. అందులో వాళ్ల సొంత ఆడబిడ్డ ఉంది. ఈసారి తనే చదివింది, మొదట ఆడబిడ్డ పేరే చదివి తర్వాత మిగతావి చదివింది. ఇంట్లో గొడవైంది. బావ ఫోన్ చేసి అరిచాడంట, రెండో రోజు మళ్లీ చేసి "సర్లే, కట్టిస్తా" అన్నాడంట.

ఇంకో విషయం. ఊళ్లో పెద్దలు కూర్చుని ఏకగ్రీవం చేద్దామంటున్నారు. 2021లో రెండు వేల లోపు జనాభా ఉన్న పంచాయతీలకు ఏకగ్రీవమైతే 5 లక్షలు ప్రకటించారు కదా, ఈసారీ అలాంటిది వస్తుందన్న ఆశ ఒకటి. దానిపైన ఎవరు ఎక్కువిస్తే వాళ్లకే పదవి, ఆ డబ్బుతో గుడి కడదామని మాట. అక్క తప్పుకుంటే ఖర్చులకు ఏదో ఇస్తామన్నారంట. "గుడికి చందా అడగండి, ఇస్తా. ఓటు మాత్రం పెట్టాల్సిందే" అని చెప్పి వచ్చింది. పెద్దమ్మకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

కరపత్రం సంగతి కూడా తేలింది. వలస కథ వద్దనింది. "మా ఊళ్లో ఎవరింట్లో లేదురా ఆ కథ? అందరిదీ తీసుకుని నా ఒక్కదాని ఫొటో కింద వేసుకుంటానా?" అనింది. దాని బదులు ఒకే మాట వేయమంది: గెలిస్తే మూడు నెలలకోసారి పంచాయతీ జమా ఖర్చు రచ్చకట్ట దగ్గర చదువుతా, చుట్టాలవి ముందు చదువుతా.

పెన్నా ఇసుక:

"ఆ పేజీ ఇప్పటికీ నా చేతిలో ఉన్నట్టే ఉంటుంది." అన్నా, ఆ పని చేసిన ప్రతి ఒక్కరి దగ్గరా అలాంటి పేజీ ఒకటి ఉంటుంది. నా దగ్గరా ఉంది. అక్కకు నా నమస్కారం చెప్పు.

ఆదోని పత్తిచేను:

మా అమ్మకు చదివి వినిపించా. "కీ మాత్రం ఎవరికీ ఇవ్వొద్దని చెప్పు" అనింది. అంతే చెప్పమంది.

ప్రొద్దుటూరు వీధి:

తమ్ముడూ, చదవలేకపోయానని చెప్పింది చూడు, నాకు అది చాలు. మా సర్పంచ్ ఐదేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.

నామినేషన్ రోజు తెలిస్తే నాకు చెప్పు. ఆస్తులు, కేసుల డిక్లరేషన్ ముందే నింపి పెట్టుకోండి, చివరి రోజు మండలాఫీసు దగ్గర తొక్కిసలాటగా ఉంటుంది. గెలిచినా ఓడినా ఒక ఆదివారం మీ ఊరికొస్తా. పంచాయతీలో ఏ రిజిస్టర్లు ఉంటాయి, ఏది ఎప్పుడు అడగాలి, కీ ఎలా వాడాలి అన్నీ కూర్చుని చూపిస్తా. మా పంచాయతీవి పాత జిరాక్సులు నా దగ్గర ఒక సంచి నిండా ఉన్నాయి.

తుంగభద్ర గట్టు:

రండన్నా. కోసిగి స్టేషన్లో దిగండి, బండి తీసుకుని నేనొస్తా. అక్క ఇప్పుడే అడిగింది, ఆ సంచిలో మోటారు రిపేరు బిల్లులు కూడా ఉంటాయా అని.